హార్డాంగర్ ఫిడేలు: నాదనిర్మాణం – అలంకరణ శిల్పం

వ్యాససంగ్రహం

నార్వే దేశపు పశ్చిమ భాగంలోని హార్డాంగర్ ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన జానపద తంత్రీవాద్యం హార్డాంగర్ ఫిడేలు. వాయించే తంత్రుల కింద మరికొన్ని అనునాద తంత్రులు ఉండడం, వాద్యశరీరం ఆపాదమస్తకం అలంకృతమై ఉండడం దీని ప్రధాన లక్షణాలు. మొదటిది సంగీతానికి, రెండవది చేతివృత్తి కళకు చెందిన విషయమని విడదీసి చూడడం పరిపాటి. ఈ రెండూ ఒకే నిర్మాణక్రమంలో ఒకదానికొకటి ఆధారంగా ఎదిగాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. వాద్యం పుట్టుక, నిర్మాణం, అలంకరణ రీతులు, సామాజిక చరిత్ర అనే నాలుగు కోణాల నుంచి ఈ అంశం ఇక్కడ పరిశీలింపబడింది.

కీలకపదాలు: హార్డాంగర్ ఫిడేలు, అనునాద తంత్రులు, రోసింగ్, పొదుగుడు పని, జానపద వాద్యాలు, నార్వే, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం

జానపద వస్తు సంస్కృతి అధ్యయనంలో అలంకరణ స్థానం ఏమిటన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. ఒక వస్తువుకు ప్రయోజనాన్నిచ్చే భాగం వేరు, అందాన్నిచ్చే భాగం వేరు అని విభజించుకుంటే, రెండవదాన్ని తీసివేసినా వస్తువుకు లోటు రాదన్న అభిప్రాయం దానంతట అదే ఏర్పడుతుంది. వాద్యాల విషయంలో ఈ విభజన మరింత బలంగా కనిపిస్తుంది. వీణ కొసన ఉండే యాళి ముఖం లేకపోయినా వీణ పలుకుతుంది కదా అనే వాదం ఇటువంటిదే. కానీ తరతరాల వాద్యనిర్మాతలు ఎంతో శ్రమకోర్చి ఆ ముఖాన్ని చెక్కుతూనే వచ్చారు. ఆ శ్రమకు కారణం అందం మీది మక్కువ ఒక్కటే అనుకుంటే వాద్యచరిత్రలో సగం వివరణ లేకుండానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి హార్డాంగర్ ఫిడేలు తగిన ఉదాహరణ. ఐరోపా అంతటా వయొలిన్ దాదాపు ఒకే రూపంలో స్థిరపడి, దానిమీద అలంకరణ అరుదైపోయిన కాలంలో కూడా నార్వే పల్లెలలోని నిర్మాతలు తమ ఫిడేలుకు ప్రత్యేక రూపాన్ని, ప్రత్యేక నాదాన్ని, ప్రత్యేక అలంకరణను నిలుపుకొన్నారు.

2. పేరు, పుట్టుక, వ్యాప్తి

నార్వేజియన్ భాషలో ఈ వాద్యాన్ని 'హార్డింగ్‌ఫేలె' అంటారు. 'ఫేలె' అంటే ఫిడేలు. 'హార్డింగ్' అంటే హార్డాంగర్ వాసి. ఎత్తైన కొండల నడుమకు లోతుగా చొచ్చుకువచ్చిన సముద్రపు పాయను ఆ దేశంలో ఫ్యోర్డ్ అంటారు. బెర్గెన్ నగరానికి తూర్పు, ఆగ్నేయ దిక్కులలో విస్తరించిన అటువంటి ఒక ఫ్యోర్డ్ పరిసర ప్రాంతమే హార్డాంగర్.

లభ్యమైన హార్డాంగర్ ఫిడేళ్లలో అతి ప్రాచీనమైనదిగా చెప్పబడేది 'యోస్టాడ్ ఫిడేలు'. హార్డాంగర్‌లోని ఉలెన్స్‌వాంగ్‌కు చెందిన ఊలె యోన్సెన్ యోస్టాడ్ దీని నిర్మాత. లోపలి చీటీలోని సంవత్సరాన్ని 1651గా చదువుతారు. ఆ చదువు విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. ఈ వాద్యం బెర్గెన్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ తరువాత 18వ శతాబ్దిలో హార్డాంగర్‌లోని క్వామ్ ప్రాంతానికి చెందిన ఈసాక్ నీల్సెన్ బోట్నెన్ (1669–1759), అతని కుమారుడు ట్రోండ్ ఈసాక్సెన్ బోట్నెన్ (1713–1772) ఈ వాద్యానికి విస్తృత ప్రచారం కల్పించారు. వారి చేతిలో రూపుదిద్దుకున్న ఫిడేళ్లు కొండలు దాటి లోతట్టు ప్రాంతాలకు చేరాయి. 19వ శతాబ్దిలో టెలెమార్క్ ప్రాంతంలోని బో గ్రామానికి చెందిన హెలాండ్ కుటుంబం నిర్మాణకేంద్రంగా ఎదిగింది. యోన్ ఎరిక్‌సన్ హెలాండ్ (1790–1862), అతని కుమారుడు ఎరిక్ యోన్‌సన్ హెలాండ్ (1816–1868) పాత ఫిడేలు శరీరాన్ని కొంత పెంచి, వయొలిన్ కొలతలకు దగ్గర చేసిన రూపమే నేటి హార్డాంగర్ ఫిడేలుకు ఆధారం.

ఈ వాద్యం నార్వే అంతటా ఒకే విధంగా వ్యాపించలేదు. హార్డాంగర్, వోస్, టెలెమార్క్, సేటెస్‌డాల్, హాలింగ్‌డాల్, వాల్డ్రెస్ వంటి పశ్చిమ, మధ్య దక్షిణ ప్రాంతాలు దీని క్షేత్రం. తూర్పు, ఉత్తర ప్రాంతాలలో సాధారణ వయొలిన్‌నే జానపద వాద్యంగా వాయిస్తారు. దానిని 'ఫ్లాట్‌ఫేలె' అంటారు. అంటే రెండు ఫిడేళ్ల నడుమ ఉన్న సరిహద్దు ప్రాంతీయ సంగీత సంప్రదాయాల సరిహద్దు కూడా.

3. నిర్మాణం – నాదం

హార్డాంగర్ ఫిడేలుకు పైన నాలుగు తంత్రులుంటాయి. కమానుతో వాయించేది వీటినే. వీటికి అడుగున నాలుగు లేదా ఐదు సన్నని లోహపు తంత్రులుంటాయి. కమాను గానీ వేళ్లు గానీ వాటిని తాకవు. పై తంత్రుల మీద తమ స్థాయికి సంబంధించిన స్వరం పలికినప్పుడు ఇవి తమంతట తాము కంపిస్తాయి. సితార్, సారంగి వాద్యాలలోని 'తరబ్' తంత్రులను ఎరిగిన పాఠకులకు ఈ ప్రక్రియ కొత్త కాదు. ఐరోపా శాస్త్రీయ వాద్యాలలో వియోలా దామోరె కూడా ఈ తరగతికి చెందినదే.

అనునాద తంత్రులకు చోటు కల్పించడంతో వాద్యంలోని ప్రతి భాగమూ మారవలసి వచ్చింది. ఆ తంత్రులు బ్రిడ్జి నడుమ గల ఖాళీలోంచి సాగి, వేళ్లు ఆనే పలక కిందుగా పోయి, పైనున్న బిరడాలకు చేరతాయి. అందుచేత ఆ పలక అడుగుభాగాన్ని తొలిచి దారి ఇవ్వాలి. తంత్రుల కింది కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీస్ ఎనిమిది తొమ్మిది తంత్రులకు సరిపడేలా వెడల్పు కావాలి. ఎనిమిది తొమ్మిది బిరడాలు పట్టేందుకు బిరడాల పెట్టె పొడవు పెరగాలి.

బ్రిడ్జి, వేలిపలక సాధారణ వయొలిన్‌లో కంటే చదునుగా ఉంటాయి. అందువల్ల కమాను ఒకేసారి రెండు తంత్రులను తేలికగా తాకుతుంది. ఒక తంత్రి మీద రాగగతి సాగుతుండగా పక్క తంత్రి ఆధారశ్రుతిలా మోగుతుంది. దానికి అడుగు తంత్రుల అనునాదం తోడవుతుంది. పైపలకలోని నాదరంధ్రాల తీరు కూడా విశిష్టమైనది. రంధ్రపు రెండు అంచులు ఒకే మట్టంలో ఉండక, ఒకటి పైకి, మరొకటి లోతుకు ఉన్నట్లు చెక్కుతారు.

శ్రుతి విషయంలోనూ ఈ వాద్యం స్వతంత్రమే. పై తంత్రులను ఎ–డి–ఎ–ఇ క్రమంలోనూ, ఐదు అడుగు తంత్రులను బి–డి–ఇ–ఎఫ్ షార్ప్–ఎ క్రమంలోనూ శ్రుతి చేయడం ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి. ఇది రాతలో చూపే క్రమం. వాస్తవ స్థాయి తరచుగా ఇంతకంటే ఎక్కువలో ఉంటుంది. ఇరవైకి పైగా శ్రుతి పద్ధతులు సంప్రదాయంలో ఉన్నాయి. శ్రుతి మారితే ఏ స్వరాలు అడుగు తంత్రులను మేల్కొల్పుతాయో అదీ మారుతుంది. అందువల్ల ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క భావవాతావరణం ఉన్నట్లు వాద్యకారులు భావిస్తారు. ఎ–ఇ–ఎ–సి షార్ప్ అనే శ్రుతికి 'ట్రోల్ శ్రుతి' అని పేరు. నార్వే జానపద కథలలో కొండలలో సంచరించే భూతాలే ట్రోల్‌లు. సైతాను స్వయంగా వాయించినట్లు చెప్పే 'ఫానితులెన్' అనే ప్రసిద్ధ వాద్యగతి ఈ శ్రుతికి చెందినదే.

4. అలంకరణ రీతులు

హార్డాంగర్ ఫిడేలు అలంకరణను పనితనాన్ని బట్టి మూడు విధాలుగా వింగడించవచ్చు.

4.1 రోసింగ్: చెక్కమీద నల్లసిరాతో గీసే లతాపుష్ప చిత్రణను 'రోసింగ్' అంటారు. స్ప్రూస్ చెక్కతో చేసిన పైపలక, మేపుల్ వంటి గట్టి చెక్కతో చేసిన వెనుకపలక, పక్కపట్టీలు దీనికి ఆధారం. వార్నిష్ పూయకముందే, తెల్లగా ఉన్న చెక్కమీద కలంతో తీగలను, ఆకులను, పువ్వులను గీస్తారు. ఆ తరువాత పూసే వార్నిష్ గీతలను కాపాడుతూనే వాటికి బంగారు వన్నె నేపథ్యాన్ని ఇస్తుంది. సిరా చెక్కలోకి ఇంకుతుంది కాబట్టి తప్పు గీతను తుడిచివేయడం సులభం కాదు. తీగ మలుపులో, ఆకు కొసలో, గీత లావు సన్నాలలో నిర్మాత చేతివాటం స్పష్టంగా తెలుస్తుంది. దస్తూరీని బట్టి లేఖకుని గుర్తించినట్లు, రోసింగ్ తీరును బట్టి వాద్యం ఏ నిర్మాతదో, ఏ ప్రాంతానిదో ఊహించే అవకాశం ఉంది.

ఈ లతల మూలం నార్వే గ్రామీణ కళలోనే ఉంది. ఓస్లో నగరంలోని ప్రధాన చర్చిలో 1699 నాటి వేదికాశిల్పంతో అకాంథస్ ఆకుల చెక్కడం ఆ దేశంలో ప్రచారమైంది. నగర చర్చిలోని ఆ ఆకు పల్లె చేతివృత్తుల వారి చేతిలో కొత్త మలుపులు తిరిగింది. 18వ శతాబ్దిలో టెలెమార్క్, హాలింగ్‌డాల్ ప్రాంతాలలో గోడలమీద, పెట్టెలమీద, పాత్రలమీద వేసే రంగుల లతాచిత్రణ 'రోసెమాలింగ్' పేరుతో వికసించింది. వధువు సారెపెట్టె మీద రంగులలో పూచిన తీగ, ఆమె పెళ్లిలో మోగిన ఫిడేలు మీద నల్లసిరాలో పూచింది.

4.2 పొదుగుడు పని: వేలిపలక, టెయిల్‌పీస్‌లమీద ముత్యపుచిప్ప, ఎముక, కొమ్ము తునకలను పొదుగుతారు. వజ్రాకృతులు, త్రిభుజాలు, చతురస్రాలు, నలుపు తెలుపుల వరుసలు ఇందులో ముఖ్యం. రోసింగ్‌లో వంపుగీతలు ప్రధానమైతే ఇక్కడ రేఖాగణిత రూపాలు ప్రధానం. పొదిగిన తునకలు పలక ఉపరితలంతో పూర్తిగా సమమట్టంలో ఉండాలి. అంచు వెంట్రుకవాసి పైకి లేచినా వాద్యకారుని వేలికి తగులుతుంది, తంత్రి అదిరి గరగరమంటుంది. కాబట్టి ఇక్కడ అందాన్ని పరీక్షించేది కన్ను ఒక్కటే కాదు, వేలు కూడా.

4.3 శిరశ్శిల్పం: సాధారణ వయొలిన్ కొస శంఖంలా చుట్టుకొని ఉంటుంది. హార్డాంగర్ ఫిడేలు కొసన కిరీటం ధరించిన సింహశిరస్సో, డ్రాగన్ శిరస్సో, ఒక్కొక్కసారి స్త్రీ శిరస్సో ఉంటుంది. దీనికి బంగారు రంగు పూయడం కూడా కద్దు. డ్రాగన్ శిరస్సును చూడగానే వైకింగుల నావలను, మధ్యయుగాల కర్రచర్చిల కప్పులమీది డ్రాగన్‌లను తలచుకోవడం సహజం. అయితే వాటి నుంచి ఫిడేలు వరకు తెగని పరంపర ఉన్నదని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. కిరీటం గల సింహం నార్వే రాజచిహ్నం. 17వ శతాబ్ది టిరోల్ ప్రాంతపు ప్రసిద్ధ నిర్మాత యాకోబ్ స్టైనర్ వయొలిన్‌లలో సింహశిరస్సులు కనిపిస్తాయి. వియోలా దామోరె కొసన తరచుగా కళ్లకు గంతలు కట్టుకున్న మన్మథ శిరస్సు ఉంటుంది. దీనిని బట్టి వాద్యం కొసన శిరస్సు చెక్కే పద్ధతి నాటి ఐరోపా వాద్యకళలో విస్తృతంగా ఉన్నదేనని తెలుస్తుంది. నార్వే నిర్మాతలు ఆ పద్ధతిని స్వీకరించి, తమ సమాజం గుర్తుపట్టగల ముఖాన్ని దానికి ఇచ్చారు.

5. అలంకరణకు, నాదానికి గల సంబంధం

పై వివరాలను కలిపి చూసినప్పుడు ఒక క్రమం బయటపడుతుంది. వాద్యంలో ఏ భాగం ఏ పని చేస్తుందన్నదాన్ని బట్టే ఆ భాగం మీది అలంకరణ స్వభావం నిర్ణయమైంది.

మొదటిది, కంపించే భాగాలకు, కంపించనవసరం లేని భాగాలకు నడుమ గల తేడా. పైపలక నాదానికి జీవస్థానం. దానిని లోతుగా చెక్కినా, బరువైన తునకలు పొదిగినా కంపనం దెబ్బతింటుంది. అక్కడ కనిపించేది దాదాపు బరువు లేని సిరాగీత మాత్రమే. బరువైన పొదుగుడు పని వేలిపలక, టెయిల్‌పీస్‌ల వంతు అయింది. పూర్తి శిల్పం నాదపేటికకు దూరంగా, బిరడాల పెట్టె కొసకు చేరింది. అంటే వాద్యం నడుమ నుంచి కొసకు పోయేకొద్దీ గీత పొదుగుడుగా, పొదుగుడు శిల్పంగా బరువెక్కుతుంది.

రెండవది, అనునాద తంత్రుల వల్ల కలిగిన మార్పులు. వెడల్పైన టెయిల్‌పీస్, చదునైన వేలిపలక, పొడవైన బిరడాల పెట్టె – ఈ మూడూ తంత్రుల సంఖ్య పెరగడంవల్ల, రెండేసి తంత్రులను కలిపి వాయించే పద్ధతివల్ల ఏర్పడినవి. పొదుగుడు పనికి కావలసిన సమతలం, శిల్పానికి కావలసిన ఎత్తు వీటివల్లనే సమకూరాయి. నాదం కోసం జరిగిన మార్పే అలంకరణకు స్థలాన్ని ఇచ్చింది.

మూడవది, గట్టి పదార్థాల ఎంపిక. వేళ్లు నిత్యం ఒత్తిడి కలిగించే వేలిపలక మీద కొమ్ము, ఎముక వంటివి అరుగుదలకు ఓర్చుకుంటాయి. అలంకరణ పదార్థమే ఇక్కడ రక్షణ కవచం కూడా.

ఈ సందర్భంలో కర్ణాటక సంగీతంలోని వయొలిన్ చరిత్రను పోల్చి చూడడం ఉపయుక్తం. బాలుస్వామి దీక్షితుల (1786–1858) కాలం నుంచి దక్షిణాదిలో వయొలిన్ స్థిరపడింది. ఇక్కడి విద్వాంసులు శ్రుతి పద్ధతిని మార్చారు, నేల మీద కూర్చొని పట్టుకొనే తీరును రూపొందించారు, గమకాలకు అనువైన వేలి నడకను సాధించారు. వాద్యశరీరాన్ని మాత్రం ఉన్నదున్నట్లుగానే ఉంచారు. నార్వే పల్లెలలో స్వీకరణ చెక్క వరకు, చెక్కమీది గీత వరకు సాగింది. బయటి వాద్యాన్ని సొంతం చేసుకోవడానికి గల రెండు భిన్నమార్గాలను ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

6. సామాజిక చరిత్ర: పెళ్లి, మతం, జాతీయత

గ్రామీణ నార్వేలో ఫిడేలు వాద్యకారుడు లేని పెళ్లి లేదు. వధూవరుల ఊరేగింపుకు ఒక గతి, విందుకు ఒక గతి, నృత్యాలకు వేరువేరు గతులు ఉండేవి. ఈ వాద్యగతులను 'స్లోత్' అంటారు. స్ప్రింగార్, గంగార్, హాలింగ్ అనేవి వీటిలో ముఖ్యమైన నృత్యభేదాలు. వధువు కిరీటం, వెండి ఆభరణాలు, రంగుల దుస్తుల నడుమ మోగే వాద్యం కూడా అంతటి శోభతో ఉండడం ఆ వేడుకలో భాగం.

అదే శోభ మరొక కాలంలో నేరారోపణకు కారణమైంది. 19వ శతాబ్దిలో ప్రబలిన మతపునరుజ్జీవన ఉద్యమాలు నృత్యాన్ని, మద్యాన్ని, వాటితో ముడిపడిన ఫిడేలును పాపహేతువులుగా భావించాయి. ఫిడేలు సైతాను వాద్యమన్న మాట స్థిరపడింది. కొందరు తమ ఫిడేళ్లను తామే కాల్చివేశారని, కొందరు పగులగొట్టారని, మరికొందరు అటకలమీద దాచారని సంప్రదాయ కథనాలు చెబుతాయి. జలపాతం వద్ద నివసించే 'ఫోస్సెగ్రిమ్' అనే జలభూతానికి మాంసం సమర్పించి ఫిడేలు విద్య నేర్చుకోవాలన్న జానపద విశ్వాసం ఈ అనుమానానికి ఊతమిచ్చింది.

ఇదే శతాబ్దిలో దీనికి పూర్తిగా భిన్నమైన ధోరణి కూడా వచ్చింది. నార్వే 1814లో డెన్మార్క్ పాలన నుంచి బయటపడి, 1905 వరకు స్వీడన్‌తో కలిసి ఒకే రాజు కింద ఉంది. స్వీయజాతి గుర్తింపు కోసం అన్వేషించిన విద్యావంతులకు పల్లె ఫిడేలు ఒక ఆధారమైంది. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు ఊలె బుల్ (1810–1880), 'మిల్లర్‌గుట్టెన్' అంటే మరవాని కుర్రవాడు అన్న పేరుతో ప్రసిద్ధుడైన టెలెమార్క్ వాద్యకారుడు తోర్గేయిర్ అవుగున్‌సన్ (1801–1872)ను 1849లో రాజధానిలోని కచేరీ వేదికపైకి తెచ్చాడు. పల్లెలో పాపంగా చూడబడిన వాద్యమే పట్నంలో జాతి ఆత్మగా కీర్తింపబడింది.

1901లో టెలెమార్క్‌కు చెందిన వృద్ధ వాద్యకారుడు క్నూత్ డాలె వాయించిన గతులను యోహాన్ హాల్వోర్సెన్ స్వరలిపిలో రాశాడు. వాటి ఆధారంగా ఎడ్వర్డ్ గ్రీగ్ పియానోకు కూర్చిన 'స్లోత్తెర్' (ఓపస్ 72) 1903లో వెలువడింది. గతులు ఆ విధంగా రక్షింపబడ్డాయి. అడుగు తంత్రుల అనునాదం మాత్రం స్వరలిపికి పూర్తిగా లొంగలేదు. సంగీతాన్ని కాగితం మీద భద్రపరచినా, దానిని పుట్టించిన వాద్యాన్ని చేయగల చేయి లేకపోతే ఆ సంగీతంలో ఒక పొర పోతుందన్న సత్యాన్ని ఇది తెలుపుతుంది.

7. వలస, కొనసాగింపు

1825 నుంచి శతాబ్దకాలంలో సుమారు 8 లక్షల మంది నార్వేజియన్లు ఉత్తర అమెరికాకు వలస వెళ్లారు. ఫిడేలు వారి వెంట వెళ్లింది. హెలాండ్ కుటుంబానికి చెందిన క్నూత్, గున్నార్ సోదరులు 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చిప్పెవా ఫాల్స్ పట్టణంలో నిర్మాణశాల నడిపారు. అమెరికాలో హార్డాంగర్ ఫిడేలు సంఘం 1983లో ఏర్పడింది. గేయిర్ త్వెయిత్ ఈ వాద్యానికి ఆర్కెస్ట్రాతో కూడిన రెండు కంచెర్తోలు రచించాడు. 2002 నాటి 'ద టూ టవర్స్' చలనచిత్రంలో రోహన్ రాజ్యపు సంగీతానికి హోవార్డ్ షోర్ ఈ వాద్యాన్నే ఎన్నుకున్నాడు. సేటెస్‌డాల్ ప్రాంతపు సంప్రదాయ వాద్య, నృత్య, గాన సంప్రదాయం 2019లో యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.

ఈ గుర్తింపు వాద్యకారులకు మేలు చేసింది. నిర్మాత పరిస్థితి వేరు. పైపలక తీర్చడం, రోసింగ్ గీయడం, ముత్యపుచిప్ప కోయడం, శిరస్సు చెక్కడం – ఇన్ని విద్యలు ఒకే చేతిలో ఉండవలసిన వృత్తి ఇది. మరొక చిక్కు పాత వాద్యాలది. కొత్త వాదన పద్ధతులకు అనుగుణంగా అనేక పాత ఫిడేళ్లకు మెడలు, వేలిపలకలు మార్చారు. పలక మారినప్పుడు దానిమీది పొదుగుడు పని కూడా పోయింది. ఒకే ఫిడేలు మీద ఒక శతాబ్ది రోసింగ్, మరొక శతాబ్ది పొదుగుడు పని ఉండడానికి అవకాశం ఉంది. కాబట్టి అలంకరణను బట్టి వాద్యకాలాన్ని నిర్ణయించే పరిశోధకుడు ప్రతి భాగాన్ని విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. హార్డాంగర్ ఫిడేలులో అలంకరణ స్థానాన్ని, పదార్థాన్ని, బరువును వాద్యం పలికే తీరే నిర్ణయించింది.
2. అనునాద తంత్రుల కోసం జరిగిన నిర్మాణ మార్పులే పొదుగుడు పనికి, శిరశ్శిల్పానికి చోటు కల్పించాయి.
3. లత, సింహం, డ్రాగన్ వంటి రూపాలు అనేక మూలాల నుంచి వచ్చినవి. వాటిని ప్రాచీన వైకింగ్ పరంపరకు మాత్రమే ముడిపెట్టడం చారిత్రకంగా నిలవదు.
4. పెళ్లి వేడుక, మతవ్యతిరేకత, జాతీయభావన అనే మూడు దశలలోనూ ఈ వాద్యానికి గల ప్రత్యేక రూపం, దాని నాదంతో పాటు సమాజపు తీర్పుకు గురైంది.

తెలుగు ప్రాంతపు వాద్యాల అధ్యయనానికి కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. ఒకే పనస దుంగ నుంచి చెక్కే బొబ్బిలి వీణ మీద ఇదే విధమైన పరిశీలన జరగవలసి ఉంది. ఏ అలంకరణ ఏ భాగంలో ఉంది, అక్కడే ఎందుకు ఉంది, ఆ భాగం నాదంలో నిర్వహించే పాత్ర ఏమిటి అన్న ప్రశ్నలకు సమాధానం నిర్మాతల చేతిలోనే ఉంది. వారి పని సాగుతున్న కాలంలోనే, పనిచేసే చోటికి వెళ్లి దానిని నమోదు చేయాలి. పాత పలకతో పాటు దాని పొదుగుడు పనిని కూడా కోల్పోయిన ఫిడేళ్లు ఈ విషయంలో పరిశోధకులకు హెచ్చరిక.